మోతీకి ఒక పట్టీ

అమ్మలూ,

సంక్రాంతి వెళ్లగానే ముగ్గురు స్నేహితులతో, మీ కుక్క మోతీతో కలిసి విశాఖ నుంచి భీమిలికి తెరచాప పడవలో వెళ్తున్నావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున పాలు పోసే అతనికి కూడా గర్వంగా చెప్పుకున్నాను.

జనవరి మంచి కాలం. అక్టోబరు అని ఉంటే వచ్చి అడ్డం నిలబడేవాణ్ణి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు నేను ఈ ఊళ్లోనే ఉన్నాను. దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకే, తొందరపడకండి. ఆటు వేళ గోస్తని నది మొగ దగ్గరికి పోవద్దు, అక్కడ అలలు విరుగుతాయి. తీర రక్షక దళం నంబరు 1554 అందరి ఫోన్లలో ఉండాలి. మోతీకి మంచినీళ్లు విడిగా పెట్టు, ఉప్పునీళ్లు తాగనివ్వకు.

నీ వయసులో మేమూ నలుగురం, ఒక నల్లకుక్క. భీమిలి నుంచి తిరిగి వస్తున్నాం. ఉక్కగా ఉందని ప్రాణరక్షక కోట్లు విప్పి తల కింద దిండ్లుగా పెట్టుకున్నాం. ఆ మాట మొదట అన్నది నేనే. మంగమారిపేట దాటాక కుక్క ఏదో పక్షిని చూసి దూకింది. దాని వెంట మాలో ఒకడు దూకాడు. గాలి వెనక నుంచి తోస్తోంది, పడవ ఆగదు. ముగ్గురం తెరచాప దించడానికి తాళ్ల మీద పడ్డాం. దించి తలెత్తితే నీళ్లు తప్ప ఏమీ లేవు. మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదమ్మా, చిన్న అల చాలు కప్పేయడానికి. మళ్లీ చుక్కాని పట్టుకున్న నేను ఎటు తిప్పాలో తెలియక ఏడ్చాను. అరగంట తర్వాత ఒక తెప్ప మీది జాలరులు ఇద్దరినీ తీసుకొచ్చి అప్పగించారు. ఆ పెద్దాయన నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి ఒట్టు పెట్టు. మోతీ పడితే ఎవరూ దూకకూడదు. ఒకరు ఏ పనీ ముట్టుకోకుండా, రెప్ప వాల్చకుండా, దాని వైపే చేయి చాపి చూపిస్తూ నిలబడాలి. కోటు లేకుండా పడవ ఎక్కావో, మీ అమ్మతో కాదు, నాతో తిట్లు తింటావు.

చిన్నప్పుడు స్నానానికి భయపడి నా మెడ కరుచుకునేదానివి. ఇప్పుడు సముద్రం మీదికి!

మీ అత్తయ్య మోతీకి కాన్వాసు పట్టీ కుడుతోంది, వీపు మీద పట్టి పైకి లాగడానికి పిడితో సహా. ఆదివారం లోపు దాని ఛాతీ కొలత పంపు.

మీ మామయ్య