కుక్క దాటని కంచె

చిరంజీవికి ఆశీస్సులు.

పెరట్లో కుక్కను వదలాలంటే కంచె తప్పదని రాశావు. సామాను కొనేముందు నాలుగు రోజులు దాన్ని గమనించు. దూకుతోందా, తవ్వుతోందా, గేటు తోస్తోందా? తవ్వే కుక్కకు గోడంత ఎత్తు కట్టినా కిందినుంచే పోతుంది.

మధ్యరకం కుక్కకు 5 అడుగుల ఎత్తు చాలు. బాగా ఎగిరేదైతే 6 అడుగులు కట్టు. 5 అడుగుల కంచెకు 7 అడుగుల జీఐ పైపులు (జింకు పూత పూసిన ఇనుప గొట్టాలు) తీసుకో, 2 అడుగులు భూమిలోకి పోవాలి. 8 అడుగులకొకటి పాతితే 96 అడుగులకు 13 పైపులు, గేటుకు ఇంకొకటి. గుంత రెండున్నర అడుగుల లోతు, 10 అంగుళాల వెడల్పు ఉండాలి. అడుగున అరడుగు కంకర పొయ్యి, నీళ్లు ఇంకిపోతాయి. ఒక పాలు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర కలిపి నింపి, పైన నీళ్లు నిలవకుండా వాలుగా మెత్తు. పైపు నిలువుగా ఉందో లేదో రెండు వైపులనుంచీ తూకం గుండుతో చూడు. తవ్వే చోట నీళ్ల పైపులు, కరెంటు వైర్లు లేవని ముందే తేల్చుకో.

ఇక ఆగాలి. వారం తిరక్కుండా పైపులకు కంచె తీగ జాలీ బిగిస్తే ఆ లాగుడుకు పైపులు లోపలికి ఒరుగుతాయి, మళ్లీ నిటారు చెయ్యడం తవ్వి తీస్తే తప్ప కుదరదు. మూల పైపులకు ఏటవాలు ఊతం తప్పనిసరి. జాలీ లాగుడంతా వాటిమీదే పడుతుంది.

అడుగుభాగం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 3 అడుగుల వెడల్పు వెల్డెడ్ మెష్ తీసుకుని పొడవునా L ఆకారంలో మడిచి, ఒక అడుగు వెడల్పు కంచెకు కట్టు, మిగతా 2 అడుగులు పెరటి లోపలివైపు నేలమీద పరుచు. అడుగుకొక ఇనుప కొక్కెం దిగ్గొట్టి మట్టి కప్పు. గడ్డి మొలిచాక కనిపించదు. కుక్క మామూలుగా ముక్కు కంచెకు ఆనించి అక్కడే గోకుతుంది. గోళ్లకు తీగ తగలగానే నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ కంచె మొదట్లోనే మొదలుపెడుతుంది. రెండడుగులు వెనక్కొచ్చి తవ్వాలని చాలా కుక్కలకు తోచదు. ఈ మెష్ బయటివైపు పరిస్తే పనికిరాదు.

జాలీ తెగిన కొసలన్నీ బయటికి వంచు. లోపలికి ఉంటే మూతి చీరుకుంటుంది, మెడపట్టీ చిక్కుకుంటే ఇంకా ప్రమాదం. ముళ్లతీగ జోలికి అసలు పోవద్దు. అడ్డకమ్మీలు కూడా బయటివైపే ఉండాలి, లోపల ఉంటే నిచ్చెనమెట్లే. తొట్టి, కట్టెలమోపు, రాళ్లకుప్ప ఏదైనా సరే కంచెకు 5 అడుగుల దూరంలో పెట్టు.

గేటు లోపలికి తెరుచుకునేలా పెట్టు, కుక్క తోసినకొద్దీ మూసుకుంటుంది. తనంతట తాను మూసుకునే స్ప్రింగు బందులు వేయించు. గేటు కింద సందు 2 అంగుళాలు మించకూడదు, ఆ చోట నేలలో బండరాయి పాతు. కొన్నాళ్లకు గేటు బరువుకు కిందికి జారి గడియ అందకుండా పోతుంది కాబట్టి పైమూలనుంచి కిందిమూలకు ఐమూలగా ఒక కమ్మీ వెల్డింగ్ చేయించు.

మొదటి పెద్దవాన వెలిశాక కంచె వెంట ఒకసారి నడిచి చూడు. మట్టి కొట్టుకుపోయి మెష్ తేలినచోట వెంటనే రాళ్లు పేర్చి మట్టి దిట్టంగా తొక్కించు.

ఆశీస్సులతో,
బాబాయి