వెండి ఆకుల పొదకు వానలో వచ్చిన జబ్బు

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో మా ఇంటి ముందు నిరుడు మూడు టెక్సాస్ సేజ్ మొక్కలు నాటాము. వేసవిలో వెండిలా మెరిసిన ఆకులు, వానలు మొదలయ్యాక పసుపుబారి రాలిపోతున్నాయి. ఒక మొక్క దాదాపు ఎండిపోయింది. మాది నల్లరేగడి నేల. మందారాలతో పాటు వీటికీ రోజూ నీళ్లు పెట్టి, నెలకోసారి పశువుల ఎరువు వేస్తున్నాము. ఇంకా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: కొత్తగా చేయవలసిన దానికన్నా మానవలసినదే ఎక్కువ. మీరు చెప్పిన లక్షణాలు వేరుకుళ్లును సూచిస్తున్నాయి. లూకోఫిల్లమ్ ఫ్రుటెసెన్స్ అనే ఈ పొద స్వస్థలం అమెరికాలోని టెక్సాస్, దానిని ఆనుకొని ఉన్న ఉత్తర మెక్సికో; అక్కడ సున్నపురాళ్ల గుట్టల మీద, నీరు నిలవని చోట పెరుగుతుంది. టెక్సాస్ ప్రభుత్వం 2005లో దీనిని రాష్ట్ర స్థానిక పొదగా గుర్తించింది. ఆకు మీద వెండిలా మెరిసేది దట్టమైన సన్నని నూగు; అది ఎండను తిప్పికొట్టి, ఆకులోని తేమ త్వరగా ఆవిరి కాకుండా కాపాడుతుంది. ఇంత పొదుపుగా బతికే మొక్కకు రోజూ నీరు పెడితే వేళ్లకు గాలి ఆడక కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీటిని పీల్చలేవు కనుక, మొక్క దాహంతో వాడినట్లే కనిపిస్తుంది. అది చూసి జాలిపడి ఇంకా నీళ్లు పోయడం వల్లనే ఎన్నో మొక్కలు చనిపోతున్నాయి.

నల్లరేగడిలోని సున్నం, క్షారగుణం దీనికి హాని చేయవు. చిక్కంతా ఆ మట్టి తడిసి ఉబ్బి, నీటిని రోజుల తరబడి పట్టి ఉంచడంతోనే. గొయ్యి తీసి ఇసుక నింపి నాటితే సరిపోతుందని కొందరు అనుకుంటారు కానీ, చుట్టూ ఉన్న రేగడి నీటిని ఇంకనివ్వదు కాబట్టి వానాకాలంలో ఆ గొయ్యి తొట్టిగా మారుతుంది. ఈసారి నాటేటప్పుడు ఎర్రమట్టి, ముతక ఇసుక, సన్న కంకర కలిపి నేల మీదనే మూరెడు ఎత్తు దిబ్బ పోసి, రోజంతా ఎండ తగిలే చోట, కాండం మొదలు పూడిపోకుండా నాటండి.

ఉన్న మొక్కలను ఈ వానల్లో పెకలించకండి. పాదులు చదును చేసి, నీరు బయటికి పోయేలా చిన్న కాలువ తీసి, నీళ్లూ ఎరువూ పూర్తిగా ఆపండి. ఎరువు ఎక్కువైతే కొమ్మలు మెత్తగా సాగి వాలిపోతాయి. ఎండిన మొక్క కాండాన్ని మొదట్లో గోటితో గీరి చూడండి. లోపల పచ్చదనం లేకపోతే తీసివేయడమే మేలు.

గాలిలో తేమ పెరిగినప్పుడు, వానల తరువాత, లేత ఊదా పూలు విరగబూస్తాయి. అవి కొత్త కొమ్మలకు వస్తాయి కాబట్టి పదేపదే కత్తెర వేసి గోడలా చదును చేయవద్దు. ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి జానెడు కన్నా పొట్టిగా, సగం ముదిరిన కొమ్మ ముక్కలు నాలుగైదు తీసి ఇసుక కుండీలో నీడన నాటుకోండి. పాతవి దక్కకపోయినా, దిబ్బ మీద పెట్టడానికి మీ మొక్కలే మీకు ఉంటాయి.