పొలంలో దిగిన 25 మీటర్ల గ్లైడర్‌ని ఇంటికి తేవడం

మీరు అడిగింది ఇది: ఇన్నాళ్లూ రెక్కల మొత్తం పొడవు 15 మీటర్లుండే సింగిల్ సీటర్ గ్లైడర్లే (మామూలుగా ఇంజన్ లేకుండా ఎగిరే విమానాలు) నడిపాం, ఇప్పుడు నలుగురం కలిసి ఇద్దరు కూర్చునే 25 మీటర్ల ఏఎస్‌హెచ్ 25 గ్లైడర్ కొనాలనుకుంటున్నాం, పొలంలో దిగితే దాన్ని తెచ్చుకోవడం అంత కష్టమా అని.

కష్టమే. అయితే నాకు ఎదురైన అసలు ఇబ్బంది గ్లైడర్ బరువు కాదు, గ్లైడర్‌కీ ట్రైలర్‌కీ మధ్య ఉన్న నేల.

ఒక సాయంత్రం మేం దుక్కి చేసిన పొలంలో దిగాం. ల్యాండింగ్ బాగానే అయింది. గేటు మాత్రం అవతలి మూలన ఉంది. కారుతో లోపలికి వస్తే దిగబడిపోతుందని మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు ట్రైలర్‌ని గట్టి దారి మీదే ఆపారు. మా నుంచి దాదాపు రెండు వందల అడుగులు. గ్లైడర్‌ని అలాగే తోసుకెళ్దామని చూస్తే చక్రం మెత్తటి మట్టిలో కూరుకుపోయింది. చివరికి ఉన్నచోటే విప్పాం.

దీని రెక్కలు నాలుగు ముక్కలు. ముందు తోక రెక్క, తర్వాత కొస ముక్కలు తీస్తాం. అక్కడిదాకా హాయిగానే ఉంటుంది. లోపలి ముక్కల దగ్గరే చెమటలు పడతాయి. బరువంతా మొదలు వైపే ఉంటుంది కాబట్టి మీలో బలమైనవాళ్లు అక్కడ ఉండాలి. మొదటి రెక్క బయటికి లాగేముందు రెండో రెక్క కింద స్టాండ్ పెట్టారో లేదో చూసుకోండి. బరువు కోసం రెక్కల్లో నింపే బాలస్ట్ నీళ్లు గాల్లోనే వదిలేశామనుకున్నా, ట్యాంకులు నిజంగా ఖాళీ అయ్యాయో లేదో మళ్లీ చూడండి. రెక్కని మోసే చిన్న చక్రాల డాలీ చాళ్లలో పనికిరాలేదు. చేతుల మీద మోశాం, మధ్యలో రెండుసార్లు స్టాండ్ల మీద దించి ఊపిరి తీసుకున్నాం. మంచు పడితే రెక్క చేతిలో జారుతుంది, ఒక పాత టవల్ దగ్గరుంచుకోండి. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఒక్కరే చెప్పాలి. ఇద్దరు చెబితే ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) నేలకి తగులుతుంది.

ఫ్యూజ్‌లాజ్‌కి, అంటే గ్లైడర్ మొండేనికి, రెండు చెక్క పలకలు అక్కరకొచ్చాయి. చక్రం కింద ఒకటి, దాని ముందు ఇంకొకటి, దాటాక వెనకది తీసి మళ్లీ ముందుకు. అర్ధరాత్రి దాటింది.

ఆ పొలం రైతు ట్రాక్టర్ తెస్తానన్నారు. ఆ మంచితనం నేనెప్పటికీ మర్చిపోను. కానీ ట్రాక్టర్‌తో ట్రైలర్‌ని లాగించండి, గ్లైడర్‌ని లాగనివ్వకండి. పొలంలోకి కారు తెచ్చేముందు కూడా తప్పకుండా యజమానిని అడగండి. పంట నలిగితే నష్టం వాళ్లది.

అప్పటినుంచి పైనుంచి పొలం ఎంచుకునేటప్పుడు గేటు, దారి కూడా చూస్తున్నాను. సురక్షితంగా దిగడమే ముందు, అందులో సందేహం లేదు. రెండు పొలాలూ సమానంగా ఉంటే మాత్రం దారి దగ్గరున్నదే మేలు. దిగాక పైలట్ ఒట్టి కోఆర్డినేట్లు పంపితే చాలదు. గేటుదాకా నడిచివెళ్లి, ఆ పొడవాటి ట్రైలర్ సందులో తిరుగుతుందో లేదో చూసి చెప్పాలి. ఇదంతా ఫోన్ చార్జింగ్ ఉండగానే.

ఇంజన్ ఉన్న రకం తీసుకుంటే ఈ అవస్థ తగ్గుతుంది. అయినా అది స్టార్ట్ కాకపోవచ్చు. కింద దిగగలిగే పొలం చేతిలో ఉంచుకున్నాకే ప్రయత్నించండి.

నలుగురూ ఒకసారి ఎయిర్‌ఫీల్డ్‌లోనే తలకి లైట్లు పెట్టుకుని చీకట్లో విప్పి చూడండి. రెక్కలు బిగించే పిన్నులన్నీ ఒకే సంచిలో వేయండి, బయల్దేరేముందు లెక్కపెట్టండి. మేం ఆ రాత్రి ఒక పిన్ను కోసం చాళ్లలో అరగంట వెతికాం.