మార్చిలో నీస్ బీచ్‌కి వెళ్తున్నాం, షుగర్ ఉన్నా సముద్రంలో దిగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 63 ఏళ్లు, రిటైర్డ్ టీచర్ని, మాది తెనాలి. షుగర్ వచ్చి 14 ఏళ్లయింది, బీపీ కూడా ఉంది. పొద్దున గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రాత్రి 9 గంటలకి గ్లార్జిన్ ఇన్సులిన్, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నా. అరికాళ్లు తిమ్మిరిగా ఉంటాయి. మా ఆవిడకి ఆస్తమా. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మార్చి మొదట్లో మమ్మల్ని రప్పించుకుని, ఓ వారం ఫ్రాన్స్‌లో నీస్ అనే బీచ్ ఊరికి తీసుకెళ్తానంటున్నాడు. నాకు సముద్రస్నానం చేయాలని ఉంది. చేయొచ్చా? ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మాస్టారూ, శుభ్రంగా వెళ్లిరండి. షుగరూ బీపీ ఉన్నాయని ఇలాంటి ట్రిప్ మానుకోవాల్సిన పన్లేదు. సముద్రస్నానం మాత్రం వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, తెనాలి వాళ్లకి సముద్రం అంటే సూర్యలంక, అక్కడ మార్చిలో నీళ్లు గోరువెచ్చగా 27, 28 డిగ్రీలు ఉంటాయి కాబట్టి గంటసేపు మునిగినా ఏం కాదు. నీస్‌లో అదే మార్చిలో నీళ్లు 13, 14 డిగ్రీలు. పైన ఎండ చక్కగా కాస్తూ ఉంటుంది, నీళ్లు నీలంగా మెరుస్తుంటాయి, ఫొటో చూస్తే ఎండాకాలమే అనుకుంటాం, కానీ సముద్రం నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది కాబట్టి ఏడాది మొత్తంలో అక్కడి నీళ్లు బాగా చల్లగా ఉండేది ఫిబ్రవరి, మార్చిలోనే. పగలు గాలి కూడా 15 డిగ్రీల దగ్గరే, రాత్రికి 8కి పడిపోతుంది. ఆ నెలలో ప్రొమెనాడ్ మీద, అంటే సముద్రం పక్కన నడిచే దారి మీద, నీలం కుర్చీల్లో కూర్చున్నవాళ్లని చూడండి, సగం మంది జాకెట్ జిప్ మెడదాకా లాక్కునే ఉంటారు.

అంత చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దిగితే మొదటి రెండు మూడు నిమిషాలే ప్రమాదం. చర్మానికి చలి తగలగానే మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగబీలుస్తాం, ఆ క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే నీళ్లు లోపలికి పోతాయి, పైగా రక్తనాళాలు బిగుసుకుని బీపీ అమాంతం పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది. పాతికేళ్ల కుర్రాడైతే తట్టుకుంటాడేమో, 14 ఏళ్ల షుగర్‌తో గుండె రక్తనాళాల్లో ఏముందో తెలీని మనిషికి ఇది అనవసరమైన పరీక్ష. ఇంకోటి ఎవరూ చెప్పరు, షుగర్ పడిపోయినా వణుకే, చలికీ వణుకే, ఏది ఏదో తేల్చుకునేలోపు ఆలస్యమైపోతుంది. వణికితే ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి, మీటర్ దగ్గర లేకపోతే షుగర్ తగ్గిందనే అనుకుని గ్లూకోజ్ తీసుకోండి.

ఆ బీచ్‌లో ఇసుక ఉండదు, తెలుసా? అన్నీ గుండ్రటి గులకరాళ్లు, పిడికిలంత ఉన్నవి కూడా, అల వెనక్కి పోయినప్పుడల్లా గలగలా దొర్లుతుంటాయి. నీళ్లలో నాలుగడుగులు వేసేసరికి లోతు ఒక్కసారిగా పెరిగిపోతుంది. లైఫ్‌గార్డులు వేసవి సీజన్‌లోనే ఉంటారు, మార్చిలో అడిగే నాథుడుండడు. కాబట్టి సరదా తీరాలంటే ఒడ్డున కూర్చుని చేతుల్తో నీళ్లు తలమీద చల్లుకోండి, పుణ్యానికి అది చాల్లెండి.

ఇక మీ ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన అరికాళ్ల తిమ్మిరి, నాకు అన్నిటికంటే అదే ఎక్కువ కంగారుగా ఉంది. స్పర్శ తగ్గిన కాళ్లతో ఆ రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిస్తే గీసుకున్నా, బొబ్బ లేచినా మీకు తెలీదు, రెండ్రోజుల తర్వాత సాక్స్‌కి తడి కనిపిస్తే తెలుస్తుంది. అక్కడ చికిత్స దొరక్క కాదు, షుగర్ పుండు మానడానికి వారాలు పడుతుంది, మీ ట్రిప్పేమో వారం. బూట్లు ప్రయాణానికి ముందురోజు కొనొద్దు, నెల ముందే కొని రోజూ వేసుకుని అలవాటు చేసుకోండి. నీస్‌లో సముద్రం పక్కన నడిచే ప్రొమెనాడ్ దెజాంగ్లే దాదాపు 7 కిలోమీటర్లు, పిల్లలు ఉత్సాహంలో మొత్తం నడిపించేస్తారు, మీరు మొహమాటపడకుండా మధ్యమధ్య కూర్చోండి. కోటకొండ ఎక్కాలంటే మెట్ల జోలికి పోవద్దు, ఫ్రీ లిఫ్ట్ ఉంది. రాత్రి రూముకి రాగానే సాక్స్ తీసి వేళ్ల సందులు, మడమలు మీ ఆవిడ చేత చూపించుకోండి. చలేస్తోందని హీటర్‌కి కాళ్లు ఆనించి పడుకోవడం మాత్రం అస్సలు చేయొద్దు, కాలినా తెలీదు మీకు.

అమ్మగారి ఆస్తమా సంగతి. సముద్రపు గాలి కదా మంచిదే అనుకుంటాం గానీ, దక్షిణ ఫ్రాన్స్‌లో ఫిబ్రవరి, మార్చి నెలలు సైప్రస్ చెట్ల పుప్పొడి కాలం. తోటల్లో, ఇళ్ల చుట్టూ నిటారుగా నిలబడే ఆ చెట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పొడిగాలి వీచే రోజున మాత్రం కళ్లు దురద, తుమ్ములు, పడనివాళ్లకి పిల్లికూతలు. వాన పడ్డ రోజు కాస్త నయం. అందుకని ఆవిడకి రోజూ వాడే ఇన్‌హేలర్ ఉంటే బయల్దేరేముందు కనీసం రెండు వారాలు ఒక్కరోజు కూడా మానకుండా వాడించండి, బాగానే ఉంది కదా అని ఆపేయడం మనవాళ్లకి అలవాటు. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చే రిలీవర్ ఇన్‌హేలర్ హోటల్లో పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. కోవిడ్ నాటి మాస్కులు ఇంట్లో ఉంటే నాలుగు పట్టుకెళ్లండి, పుప్పొడికీ సాయంత్రం చలిగాలికీ రెండింటికీ పనికొస్తాయి.

తిండి దగ్గర ఒక చిక్కుంది. అక్కడ చాలా హోటళ్లలో మధ్యాహ్నం రెండు, రెండున్నర దాటితే వంటగది మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడింటికే. మీరు పొద్దున గ్లిమిపిరైడ్ వేసుకుని, మామూలుకంటే రెండింతలు నడిచి, మూడింటికి అన్నం కోసం వెతుక్కుంటే షుగర్ పడిపోవడం ఖాయం. జేబులో గ్లూకోజ్ బిళ్లలు, సంచిలో వేయించిన శెనగలు ఉంచుకోండి. శాకాహారులైతే పాత నీస్ సందుల్లో సొక్కా అని శెనగపిండి, ఆలివ్ నూనెతో కాల్చిన అట్టు దొరుకుతుంది, మిరియాలు చల్లుకుని తినండి, బాగుంటుంది, కానీ అదీ పిండే, మూడు ప్లేట్లు లాగించొద్దు.

ఇన్సులిన్ విమానంలో మీతోపాటే రావాలి, లగేజీలో వేస్తే కింద చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. సూదులకీ మందులకీ డాక్టర్ చీటీ ఉంటే సెక్యూరిటీలో ఇబ్బంది ఉండదు, అందులో బ్రాండ్ పేర్లు కాకుండా అసలు మందు పేర్లు రాయించుకోండి, అక్కడి ఫార్మసీ వాళ్లకి మన బ్రాండ్లు తెలీవు. మన రాత్రి 9 అంటే అక్కడ సాయంత్రం నాలుగున్నర. వెళ్లిన రోజు ఆ టైముకే వేసుకుని తర్వాత రోజుకో గంటో రెండు గంటలో జరుపుకుంటూ పోవచ్చు, ఒకే రోజు రెండు డోసులు మాత్రం పడకూడదు, మీ డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి. మార్చి ఆఖరి ఆదివారం అక్కడ గడియారం ఓ గంట ముందుకి జరుపుతారు, అప్పటిదాకా ఉంటే అదీ గుర్తుంచుకోండి.

జర్మనీ, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెన్‌గెన్ వీసాకి ఎలాగూ కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే, చౌకది చూసి కొనేయకుండా ముందునుంచీ ఉన్న షుగర్, బీపీ, ఆస్తమాలకి వర్తిస్తుందో లేదో మీ అబ్బాయిని చదివి చెప్పమనండి, చాలా పాలసీల్లో అక్కడే కత్తెర వేస్తారు.

బయల్దేరేముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), ఈసీజీ, వీలైతే పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. ఇక్కడ తెనాలిలో రెండంతస్తులు ఎక్కితేనే గుండెల్లో బిగుతు, ఆయాసం వస్తున్నాయంటే టికెట్లు బుక్ చేసేముందే కార్డియాలజిస్ట్‌ని కలవండి. అక్కడ ఛాతీ నొప్పి వచ్చినా, ఇన్‌హేలర్‌తో ఆయాసం తగ్గకపోయినా గ్యాస్ అనుకుంటూ తెల్లారేదాకా ఆగకుండా 112 కి గానీ ఫ్రాన్స్ అంబులెన్స్ నంబర్ 15 కి గానీ ఫోన్ చేయించండి.