గానన్‌డార్ఫ్ లేని హైరూల్‌ను ఊహించబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు.

‘ఒకరీనా ఆఫ్ టైమ్’ వీడియో ఆటలో మనం తిరిగే హైరూల్ రాజ్యంలో విలన్ గానన్‌డార్ఫ్ అనేవాడే లేకపోతే ఏమయ్యేదో ఒక పెద్ద కథగా రాయాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం నాలుగు రోజుల క్రితం అందింది. ఆ ఆట 1998లో నింటెండో 64 మీద వచ్చింది. మరుసటి ఏడాది న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తూ, ఒకే ఇంట్లో అద్దెకున్న నలుగురు తెలుగు కుర్రాళ్లలో ఒకడిగా నేను దాన్ని మొదటిసారి ఆడాను. అప్పటి నుంచి ఇటువంటి ఊహాకథలు రాస్తూ, ఇతరులు రాసినవి దిద్దుతూ వచ్చాను కాబట్టి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందుగా నా మొదటి ప్రయత్నం ఎలా చెడిపోయిందో తెలుసుకో. గానన్‌డార్ఫ్‌ను తీసివేసి, కోట దిగువన ఉన్న బజారులో పండుగ జరుగుతున్నట్లు పన్నెండు పేజీలు రాశాను. అందరూ సంతోషంగా ఉన్నారు, కానీ ఒక్క పేజీలో కూడా ఏమీ కదలలేదు. అతను స్వయంగా చేసిన చెడుతో పాటు, అతను రాకముందే ఆ నేల మీద ఉన్న చెడును కూడా నేను తుడిచివేశానని చాలా ఏళ్లకు గాని గ్రహించలేదు. అతను చేసినదేమిటి, అప్పటికే ఉన్నదాన్ని అతను వాడుకున్నదేమిటి అని విడదీయడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. మిగిలినదంతా ఆ విభజన మీదే నిలబడుతుంది.

లాన్ లాన్ పశుశాలను తీసుకో. కథానాయకుడు లింక్ ఏడేళ్ల నిద్ర నుంచి లేచి వచ్చేసరికి, యజమాని టాలన్‌ను వెళ్లగొట్టి, పాలేరు ఇంగో ఆ స్థలానికి తన పేరు పెట్టుకుని దొరలా తిరుగుతుంటాడు. గానన్‌డార్ఫ్ అండ చూసుకునే అతను అంతటివాడయ్యాడు. ఇంతవరకు అందరూ గమనిస్తారు. కానీ లింక్ ఇంకా చిన్నపిల్లవాడిగా ఉన్న రోజులలో, గానన్‌డార్ఫ్ ఇంకా ఎవరినీ జయించని కాలంలో, అదే ఇంగోను పలకరించి చూడు. యజమాని ఎప్పుడు చూసినా పడుకునే ఉంటాడనీ, గొడ్డుచాకిరీ అంతా తనదేననీ అప్పటికే వాపోతుంటాడు. అది నిజం కూడా, ఎందుకంటే టాలన్ కోటకు పాలు ఇవ్వడానికి వెళ్లి అక్కడే గోడ పక్కన నిద్రపోయే మనిషి. విలన్‌ను తీసివేస్తే ఇంగోకు దొరతనం రాదు, కానీ అతని కడుపుమంట ఎక్కడికీ పోదు. మరో ఏడేళ్లు అలాగే చాకిరీ చేసినవాడు ఏం చేస్తాడు? జీతం పెంచమని నిలదీస్తాడా, పశుశాల వదిలి బజారులో కొట్టు పెడతాడా, లేక చిన్నపిల్ల మేలాన్ పెద్దదై లెక్కలు తన చేతిలోకి తీసుకుని అతనికి వాటా ఇస్తుందా? నాకైతే మూడవదే నచ్చుతుంది. నువ్వు ఏది ఎంచుకున్నా, ఊరిలో ఉన్న ప్రతి మనిషి గురించీ ఇదే విధంగా ఆలోచించు. విలన్ రాకముందు ఈ మనిషి దేని గురించి బాధపడుతున్నాడు అని నోటుపుస్తకంలో ఒక్కొక్కరి పేరు కింద ఒక వాక్యం రాసుకుంటే చాలు.

లింక్ విషయంలో ఈ ప్రశ్న మరింత లోతుకు తీసుకువెళుతుంది. అతను అనాథ కావడానికి గానన్‌డార్ఫే కారణమని చాలామంది అనుకుంటారు, కానీ ఆట అలా చెప్పదు. హైరూల్ రాజు దేశాన్ని ఏకం చేయడానికి ముందు జరిగిన భీకర యుద్ధంలో, మంటలు తప్పించుకుని ఒక తల్లి పసిబిడ్డతో నిషిద్ధారణ్యంలోకి వచ్చిందనీ, బిడ్డను డెకూ మహావృక్షానికి అప్పగించి ప్రాణం విడిచిందనీ ఆ చెట్టు మొలక తరువాత చెబుతుంది. అంటే, గానన్‌డార్ఫ్ పుట్టకపోయినా ఆ పిల్లవాడు తల్లి లేకుండా అడవిలోనే పెరుగుతాడు. చుట్టూ ఉన్న కోకిరి పిల్లలు ఎన్నటికీ పెద్దవారు కారు, ఇతను మాత్రం పెరుగుతూనే ఉంటాడు. అందరికీ తోడుగా ఒక్కొక్క వనదేవత ఉంటుంది, ఇతనికి ఉండదు. నావీ అనే వనదేవతను మహావృక్షం పంపినది ఆపద ముంచుకొచ్చిన తరువాతనే కదా. పన్నెండేళ్లు వచ్చేసరికి కోకిరి పిల్లల పెద్ద మిడోకంటే తలెత్తు ఎదిగి, పదిహేనేళ్లకు తన గుమ్మంలో వంగి దూరవలసి వచ్చే కుర్రవాడిని ఊహించుకో. గానన్‌డార్ఫ్ శాపం తగలని మహావృక్షం ఇంకా బ్రతికే ఉంటుంది. ఒకనాడు అది నోరు విప్పి అతనికి నిజం చెప్పవలసి ఉంటుంది. యుద్ధమూ, రాక్షసులూ లేని ఆ సంభాషణ నీ కథకు గుండెకాయ అవుతుందని నా నమ్మకం.

ఇక ఎప్పుడు తీసివేయాలి అన్నది నువ్వు తొలిరోజే తేల్చుకోవాలి. పుట్టనే లేదనుకుంటే ఒక లోకం, ఎడారిలో బాల్యంలోనే చనిపోయాడనుకుంటే మరొకటి, రాజుకు విధేయత చూపడానికి కోటకు వచ్చిన రోజున పట్టుబడ్డాడనుకుంటే ఇంకొకటి. ఆట తయారుచేసినవారే ఇందులో ఒక దారి తొక్కారు. 2011 డిసెంబరులో జపాన్‌లో ప్రచురించిన అధికారిక గ్రంథంలో ఈ ఆట దగ్గర కాలం మూడు పాయలుగా చీలిందని వివరించారు. వాటిలో ఒక పాయలో, తిరిగి బాల్యానికి వచ్చిన లింక్ ముందుగానే హెచ్చరించడం వల్ల గానన్‌డార్ఫ్ కుట్ర పారదు. ఇదే వరుసలో 2006లో వచ్చిన ‘ట్విలైట్ ప్రిన్సెస్’ ఆట కథ ఆ పాయలోదే. అక్కడ ఋషులు గానన్‌డార్ఫ్‌కు మరణశిక్ష అమలు చేయబోయి విఫలమై, అతన్ని సంధ్యాలోకానికి తోసివేస్తారు. అక్కడ సింహాసనం దక్కలేదని రగిలిపోతున్న జాంట్ అనేవాడు అతనికి దొరుకుతాడు. ఒకచోట ఆపిన నీరు మరోచోట గట్టు తెంచుకుంటుందని వారు ఎంత శ్రద్ధగా ఆలోచించారో గమనించు. నువ్వు మాత్రం పుట్టనే లేదన్న మార్గం తీసుకో, ఎందుకంటే మిగిలిన రెండింటిలో అతని నీడ ఎక్కడో ఒకచోట మిగిలిపోయి, నువ్వు చేయవలసిన పనిని తేలిక చేస్తుంది.

పుట్టలేదనగానే నీకు ఎదురయ్యేది అతను పుట్టిన ఎడారి జాతి, గెరూడో. ఆ స్త్రీల జాతిలో నూరేళ్లకు ఒక్క మగబిడ్డ పుడతాడనీ, అతడే రాజు కావాలనీ ఆచారం. ఆ నూరేళ్ల బిడ్డే లేకపోతే వారికి రాజు ఉండడు. కానీ అతన్ని పెంచిన కవల మంత్రగత్తెలు కోటాకే, కోఊమే ఉంటారు, ఇసుక తుపానులు ఉంటాయి, దొంగతనం తప్ప మరో బ్రతుకుతెరువు లేని కోట ఉంటుంది. ఆడవారినీ పిల్లలనూ దోచుకునేవాడంటూ గానన్‌డార్ఫ్‌ను ఈసడించిన నబూరు కూడా ఉంటుంది. ఏకమైన హైరూల్‌తో ఆ జాతి ఏదో ఒక ఒప్పందానికి రావలసిన అవసరం అప్పటికీ తప్పదు. రాజు ముందు మోకరిల్లడానికి గానన్‌డార్ఫ్ వచ్చిన ఆ మధ్యాహ్నం, అతని బదులు నబూరు వచ్చి మోకరిల్లకుండా నిలబడితే ఏమి అడుగుతుంది? నీళ్లు అడుగుతుందని నా ఊహ.

ఆ ఊహకు కారణముంది. 2002లో వచ్చిన ‘విండ్ వేకర్’ ఆట చివరలో, ముసలివాడైన గానన్‌డార్ఫ్ తన దేశం గురించి మాట్లాడతాడు. పగలు కాల్చివేసే గాలి, రాత్రి ఎముకలు కొరికే గాలి, తన ప్రజలకు ఎప్పుడూ చావునే మోసుకొచ్చేదనీ, అదే సమయంలో హైరూల్ పచ్చిక మీద వీచే గాలి మరేదో మోసుకొచ్చేదనీ, ఆ గాలినే తాను కోరుకున్నాననీ అంటాడు. అనంతపురం జిల్లాలో, ఆకాశం వైపు చూస్తూ వేరుశనగ విత్తనం వేసే ఇంట్లో పెరిగిన నేను ఆ మాటలు విని ఆట ఆపి కాసేపు బయటకు వెళ్లి కూర్చున్నాను. మా నాన్నగారు కాలువ కింద పొలాలున్న బంధువుల ఊరికి వెళ్లి వచ్చినప్పుడల్లా రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. అతని క్రూరత్వాన్ని నేను సమర్థించడం లేదు. అతన్ని కథలోంచి తీసివేసినంత మాత్రాన ఆ గాలి ఆగదని మాత్రం నీకు గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆ గాలిని మరిచిపోయి రాసిన కథను నేను చదవలేను.

కొండల్లో ఉండే గోరన్ల సంగతీ, నీటిలో బ్రతికే జోరాల సంగతీ అంత తవ్వవలసిన పని లేదు. గుహకు బండ అడ్డుపడదు కాబట్టి గోరన్లు తమ రాళ్లు తాము తింటారు, జోరాల నీరు గడ్డకట్టదు. అయితే ఒక చిన్న విషయం రాసుకో. తమ జాతికి మేలు చేసిన వీరుని పేరును గోరన్ల నాయకుడు దరూనియా తన కొడుకుకు లింక్ అని పెట్టుకున్నాడు. నీ కథలో ఆ బిడ్డ పేరు వేరే ఉండాలి. ఇటువంటి చిన్న మార్పులే పాఠకుడిని నమ్మిస్తాయి. కకరికో కూడా అంతే. రాకుమారి జెల్డా దాది ఇంపా పేదల కోసం తెరిచిన, రాజవంశాన్ని సేవించే షీకా జాతివారి ఆ గ్రామం, కోట ఊరు పాడుబడి జనం తరలివచ్చినందువల్లనే అంత సందడిగా మారింది. ఆ తరలింపు లేకపోతే అది కొండకింద పల్లెగానే మిగులుతుంది.

కానీ ఆ పల్లె శ్మశానం కింద ఉన్న నీడల ఆలయాన్ని వదలవద్దు. హైరూల్ దురాశ, ద్వేషాల రక్తచరిత్ర అంతా అక్కడ పోగుపడి ఉందని ఆట స్పష్టంగా చెబుతుంది. ఆ గదులలోని శిక్షాయంత్రాలు గానన్‌డార్ఫ్ తెచ్చినవి కావు. అతను ఉన్నంతకాలం రాజ్యానికి అవసరమైన ఒక సౌకర్యం ఉండేది, చెడు అంతా అతని పేర చెల్లిపోయేది. అతను లేని రాజ్యంలో, పీడకలలు రాని జెల్డా, మారువేషంలో ఏడేళ్లు దాక్కోనవసరం లేని జెల్డా, కోటలోనే పెరిగి పెద్దదై, తండ్రి దేశాన్ని ఏకం చేసిన యుద్ధంలో ఏమేమి జరిగిందని ఇంపాను అడిగే రోజు వస్తుంది. ఇంపా ఆమెను పెంచిన దాది, పైగా షీకా. ఆమె దగ్గర జవాబు ఉంటుంది. అడవి నుంచి బయటకు వచ్చిన కుర్రవాడు, తన తల్లి ఏ మంటల నుంచి పారిపోయిందో తెలుసుకోవడానికి అదే సంవత్సరం కోటకు చేరుకుంటే, ఇద్దరి ప్రశ్నా ఒకటే అవుతుంది.

మధ్యలో ఒకచోట నీకు భయం పుడుతుంది. కథ నడవడం లేదని, ఇంకో దుష్టుణ్ని తెచ్చి ఖాళీ సింహాసనంలో కూర్చోబెట్టాలనిపిస్తుంది. ఆ పని చేయకు. 2000లో వచ్చిన ‘మేజోరాస్ మాస్క్’ను మళ్లీ ఒకసారి ఆడు. అందులో గానన్‌డార్ఫ్ లేడు. మూడు రోజులలో నేలమీద పడబోయే చంద్రుడు, స్నేహితులు వదిలివెళ్లారని కుమిలిపోయే ఒక పిల్లభూతం, పెళ్లికి ముందు కనిపించకుండా పోయిన వరుడి కోసం సత్రంలో ఎదురుచూసే ఆన్జూ ఉన్నారు. గడియారమూ, మనుషుల దినచర్యలూ కలిసి కథను లాగుతాయి. నీ కథకు కూడా ఒక గడువు కావాలి. గెరూడో ఒప్పందం మీద సంతకం జరగవలసిన దినం అందుకు సరిపోతుంది.

2011లో వచ్చిన ‘స్కైవర్డ్ సోర్డ్’లో రాక్షసరాజు డిమైజ్ పెట్టిన శాపం సంగతి కూడా నిర్ణయించుకో. తన ద్వేషం మళ్లీ మళ్లీ జన్మించి వీరుని ఆత్మనూ దేవి రక్తాన్నీ వెంటాడుతుందని అతను శపిస్తాడు. మన జయవిజయులు శాపవశాన శత్రువులై మూడు జన్మలెత్తి స్వామి దగ్గరకు తిరిగి చేరుకుంటారు. వారి వైరానికి లెక్క ఉంది, ముగింపు ఉంది. హైరూల్ శాపానికి ఆ లెక్క లేదు. శాపం అలాగే ఉంచితే నీ శాంతి తాత్కాలికమే అవుతుంది, పాఠకుడు రాబోయేవాడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. నువ్వు రాసేది 1998 నాటి ఆట కాబట్టి, ఆ శాపాన్ని పక్కన పెట్టడం తప్పు కాదని నా అభిప్రాయం. పెట్టినట్లు ఎక్కడో ఒక వాక్యంలో తెలియనివ్వు.

ఇంకొక్క మాట, ఇది నన్ను చాలాకాలం బాధించినది. ‘విండ్ వేకర్’ కథలో గానన్‌డార్ఫ్ మళ్లీ లేచినప్పుడు అడ్డుకునే వీరుడు రాలేదు కాబట్టే దేవతలు హైరూల్‌ను సముద్రం కింద దాచారు. ఆ సముద్రం వల్లనే ద్వీపాలు, ఓడలు, జోరాల సంతతి నుంచి రెక్కలు తొడుక్కున్న రీటో జాతి, తానొక రాకుమారినని తెలియకుండా ఓడను నడిపిన టెట్రా వచ్చారు. అతన్ని చెరిపితే వారంతా చెరిగిపోతారు. నీ కథలో వారు కనిపించరు, అయినా రాసేటప్పుడు వారిని నీ మనసులో ఉంచుకో. సరస్సు ఒడ్డున నిలబడి, తనకెందుకో తెలియకుండానే ఆకాశంలోని పక్షులవైపు చూసే ఒక జోరా పిల్లను ఒక్క పేరాలో నిలిపినా నాకు తృప్తి.

ఏడేళ్లకు మించి కథను సాగదీయకు. మొదటి అధ్యాయం కోటలో వద్దు, లాన్ లాన్‌లో తెల్లవారుజామున ఇంగో పాలు పితుకుతుండగా, టాలన్ గురక వినబడుతుండగా మొదలుపెట్టు. అది అయ్యాక తక్కిన వాటి కోసం ఆగకుండా వెంటనే నాకు పంపు. సంక్రాంతికి నేను ఊరికి వచ్చేలోపు చదివి, దిద్దిన కాగితాలు చేతిలో పట్టుకుని వస్తాను.

ఇట్లు,
నీ మామయ్య