విడివిడి ఇళ్లన్నీ కలిసి బ్రౌన్స్ హోటల్ ఎలా అయింది?

లండన్ మేఫెయిర్‌లోని బ్రౌన్స్ హోటల్‌ను హోటల్‌గా ఎవరూ కట్టలేదు. డోవర్ వీధిలో గోడ పంచుకున్న వరస ఇళ్లను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోయారు. 1830లలో జేమ్స్ బ్రౌన్, ఆయన భార్య సారా దీన్ని మొదలుపెట్టారు. 1859లో ఫోర్డ్ కుటుంబం చేతికి వచ్చింది. వెనకవైపు ఆల్బమార్ల్ వీధిలో ఉన్న సెయింట్ జార్జ్ హోటల్‌ను 1889లో కలిపారు. అందుకే ఇది రెండు వీధులకూ ముఖం పెట్టి ఉంటుంది. ఇప్పటి లెక్క పదకొండు ఇళ్లు.

ఇలాంటి ఇళ్లను కలపడంలో అసలు చిక్కు ఉమ్మడి గోడే. 1666 లండన్ మహా అగ్నిప్రమాదం తర్వాత దాన్ని ఇటుకతోనో రాయితోనో కట్టాలని చట్టం వచ్చింది. పొయ్యిల పొగగొట్టాలు సాధారణంగా ఆ గోడలోంచే పైకి వెళ్తాయి. ఒక్కో పొయ్యికి ఒక్కో గొట్టం కాబట్టి పై అంతస్తుకు పోయేకొద్దీ గోడలో బోలు పెరుగుతుంది. కింద ఎక్కడ తలుపు పెట్టారో పైన కూడా అక్కడే పెడదామంటే కుదరదు: గొట్టం తగులుతుంది, ఇటుకలు జారతాయి. ముందు గోడకు తాత్కాలికంగా ఊతలు పెట్టి, బరువు మోసే దూలం ఎక్కించాకే కింద ఇటుక తీయాలి.

రెండో చిక్కు అంతస్తుల ఎత్తు. పక్కపక్క ఇళ్ల నేలమట్టాలు తరచూ కలవవు. వరండా మధ్యలో రెండు మూడు మెట్లు వస్తాయి. చూడ్డానికి ముచ్చటే, సామాను బండి తోసేవాళ్లనడగండి! పైగా నిప్పును ఆపే గోడకు కన్నం పెట్టినట్టే కాబట్టి, అక్కడ మంటను ఆపే తలుపు తప్పనిసరి.