చీటీ చదివేలోపు లాంతరు ఆరిపోతుంది

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, భయపెట్టే వీడియో గేమ్ కోసం నువ్వు రాసి పంపిన ముప్పై పేజీలూ చదివాను. 1942 ఏప్రిల్, గూడూరు దగ్గర అబ్రకం (మైకా) గని, అందరూ వెళ్లిపోయాక రాత్రి కాపలాకి మిగిలిన ఒక్క మనిషి. చోటూ కాలమూ బాగా పట్టావు. కథగా బాగుంది కూడా. ఆటగా మాత్రం ఇంకా మొదలు కాలేదు.

కథ చదివేవాడు నువ్వు చూపించిన చోటే చూస్తాడు. ఆటాడేవాడు గోడవైపు తిరిగి నిలబడగలడు. అతని వెనక చీకట్లో ఏదో కదిలిందని నువ్వు ఎంత బాగా రాసినా, ఆ సమయానికి అతను మూలనున్న చేదబకెట్టును ఎత్తి చూస్తుంటాడు. అందుకని వర్ణనలన్నీ పక్కన పెట్టి, ముందు లాంతరు లెక్క వెయ్యి.

లాంతరు నిండా పోస్తే ఆటలో 5 నిమిషాలు వెలుగుతుందనుకో. షెడ్డు నుంచి గని అడుగుకి నడక 2 నిమిషాలు. రానూ పోనూ 4. వెతకడానికి మిగిలింది ఒక్క నిమిషం. ఇప్పుడు అడుగున ఒక చీటీ పెట్టు. 40 మాటల చీటీ చదవడానికి సుమారు 20 సెకన్లు పడుతుంది. నువ్వు పెట్టింది 150 మాటల డైరీ పేజీ. అది పూర్తిగా చదివినవాడు తిరిగొచ్చేటప్పుడు చివరి పావు నిమిషం చీకట్లో నడవాలి. నీ ఆటకి ప్రాణం అక్కడుంది. చదవాలా, పరిగెత్తాలా అని అతనే తేల్చుకోవాలి. చీటీ తెరవగానే కాలం ఆగిపోయేలా ప్రోగ్రామర్ కట్టాడంటే ఆ ప్రాణం పోయినట్టే. చాలా ఆటల్లో అదే అలవాటు కాబట్టి అడక్కుండానే అలా కట్టేస్తారు. ఆగకూడదని మొదటిరోజే చెప్పు.

స్వీడన్‌లోని ఫ్రిక్షనల్ గేమ్స్ వాళ్లు 2023లో తెచ్చిన 'అమ్నీషియా: ది బంకర్' ఒకసారి ఆడు. మొదటి ప్రపంచ యుద్ధం, ఫ్రెంచి సైనికుడు, నేలమాళిగ. జనరేటర్లో ఇంధనం ఉన్నంతసేపే దీపాలు. చేతి టార్చి వెలగాలంటే తాడు లాగాలి, లాగితే చప్పుడు, ఆ చప్పుడుకి గోడల వెనక తిరిగే మృగం వస్తుంది. వెలుగు కావాలంటే చప్పుడు చేయక తప్పదు. ఈ ఒక్క నియమం ఆట పొడుగునా మనిషిని వణికిస్తుంది. అలాంటిది నీ గనిలో కూడా ఉంది, నువ్వే చూడలేదు. అబ్రకం తుక్కు మీద అడుగేస్తే చప్పుడవుతుంది. లాంతరు వెలుగు పడితే తళుక్కుమంటుంది. వెలుగున్నప్పుడు గోడంతా కళ్లలా మెరవాలి. లాంతరు కిందికి దించితే ఆ మెరుపులన్నీ ఆరిపోవాలి, ఒక్కటి తప్ప. దానిమీద ఒక్క మాట కూడా రాయకు.

ఇక చరిత్ర. ఇందులో సడలింపు లేదు. జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. నువ్వు కృష్ణపట్నం రేవు మీద కూడా వేయించావు, తీసేయ్. నెల్లూరు సీమ భయం బాంబుది కాదు, పుకారుది. మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కి సొంతూళ్లకు చేరుతున్నారు. రంగూన్ మార్చిలోనే జపాన్ చేతికి పోయింది, బర్మా బియ్యం, బర్మా చమురు ఆగిపోయాయి. నీ లాంతరులో కిరసనాయిలు ఎందుకు తక్కువో చెప్పడానికి ఇంతకంటే కారణం వెతకనక్కర్లేదు. గని ఎందుకు ముఖ్యమో కూడా ఒకచోట తగలనియ్. రేడియో వాల్వుల్లో, కెపాసిటర్లలో, విమానం ఇంజను స్పార్క్ ప్లగ్గుల్లో అబ్రకం రేకులు వాడేవాళ్లు. షెడ్డులో ఆడవాళ్లు కత్తితో చీల్చిన పల్చటి రేకు ఎక్కడో బాంబరులోకి చేరుతుంది. కాపలావాడికి ఈ సంగతి సగమే తెలిసుండాలి.

చిన్న తప్పులు కూడా చెబుతాను. మూడో చీటీలో 'ప్రకాశం జిల్లా' అని రాశావు. ఆ జిల్లా పుట్టింది 1970లో, ఆ పేరు 1972లో వచ్చింది. 1942లో ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉంది, కందుకూరు నెల్లూరులో. కూలి లెక్క చిట్టాలో 'పన్నెండు రూపాయల 50 పైసలు' ఉంది. రూపాయికి 16 అణాలు అప్పుడు, నయా పైసలొచ్చింది 1957లో. పన్నెండు రూపాయల ఎనిమిదణాలు అని దిద్దు.

సైన్యంలో ఉన్న కొడుకు రాసిన ఉత్తరమే నీ రాతలో అన్నిటికంటే బలమైంది. దాన్ని ఇంకా బిగించవచ్చు. అప్పటి ఉత్తరం మొదలు ఒక మూసలో ఉంటుంది, ఆ తర్వాతే ఇంటి మాట బయటపడుతుంది. యుద్ధకాలం కాబట్టి ఊరి పేరు సెన్సారు కొట్టేసి ఉండాలి. ఇలా:

'ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరు క్షేమమని తలుస్తాను. మమ్మల్ని ■■■■ నుంచి కదిలిస్తున్నారు. నాయన దగ్గు ఎట్టా ఉంది? పెయ్యను అమ్మబాకండి. రాత్రిళ్లు ఎవురు పిలిచినా తలుపు తీయబాకండి.'

ఇరవై మాటలు దాటింది, అంతే. దీన్ని ఆటగాడు షెడ్డులో రెండుసార్లు చూసేలా చెయ్యి. గని దిగి వచ్చాక మూడోసారి తెరిస్తే అన్నీ అలాగే ఉండి చివరి మాట ఒక్కటే 'తీయండి' అని ఉండాలి. వద్దని చెప్పే 'బాక' పోయింది, అంతే. తాను ముందు సరిగా చదవలేదేమోనని అతనికే అనుమానం రావాలి. సంగీతం మార్చొద్దు, అక్షరాల రంగు మార్చొద్దు. ఇలాంటి మార్పు ఆట మొత్తంలో మూడుసార్లు మించితే ఆటగాడు వేటలా వెతకడం మొదలుపెడతాడు, అనుమానం చచ్చిపోతుంది.

నువ్వు పెట్టిన 'మతి కొలత' గీత తీసేయ్. మనసు చెదిరిందని తెర మీద గీత చూపిస్తే అది పెట్రోలు ముల్లు అవుతుంది. చివర్లో 'అంతా పిచ్చివాడి ఊహ' అనే ముగింపు కూడా వద్దు. అయిదు గంటలు లెక్కబెట్టి నూనె పొదుపు చేసినవాడికి అది అన్యాయం, మతి చెదిరిన మనుషులకి అవమానం.

తెలుగు అక్షరాల సంగతి ఇప్పుడే చూసుకో, చివరికి వదిలితే ఏడుస్తావు. ఆటలు కట్టే సాఫ్ట్‌వేర్ యూనిటీలో అక్షరాలు చూపడానికి మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో మన వత్తుల్ని సరిగా కూర్చదు. 'రాష్ట్రం' అని రాస్తే ముక్కలు ముక్కలుగా పడుతుంది. అలాంటి సాఫ్ట్‌వేర్లే అయిన గోడో 4లో, అన్‌రియల్‌లో ఆ కూర్పు పని చేసే హార్ఫ్‌బజ్ లోపలే ఉంది. ఇంకోటి, అక్షరం తర్వాత అక్షరం టైపు అవుతున్నట్టు చూపించే ఎఫెక్టు. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం, కంప్యూటరుకి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ముక్కకొకటి చొప్పున బయటపెడితే తెర మీద ముందు 'స', తర్వాత 'స్', ఆపైన 'స్త' అంటూ అక్షరం గెంతుతుంది. భయపెట్టే చోట అది చూస్తే నవ్వొస్తుంది. మాట మాటగా చూపించమను.

కాపలావాడి గొణుగుళ్లు ఒక్కోదానికి ఆరు రకాలు రాయి. ఒకేచోట పదిసార్లు చచ్చేవాడు 'ఎవురది?' అని పదిసార్లూ అదే గొంతు వింటే విసుగెత్తి శబ్దం ఆపేస్తాడు. ప్రతి మాటకీ ఎక్సెల్‌లో ఒక నంబరు, ఎక్కడ వస్తుందో, ఏ గొంతుతో అనాలో ఉండాలి. డబ్బింగుకి నెల్లూరు గొంతే పెట్టు. 'పోబాక' అనే మాట యాస రానివాళ్ల నోట్లో తేలిపోతుంది.

మొత్తం ముట్టుకోకు. గనిలోకి దిగి పైకొచ్చే ఆ 5 నిమిషాలు మాత్రం మాటలతోనే ఆట కట్టే సాధనం ట్వైన్‌లో కట్టు, చీటీలు మూడు దాటనీయకు. అయిదుగురి చేత ఆడించి, వెనక నిలబడి, నోరు విప్పకుండా, ఏ మాట దగ్గర చదవడం ఆపి పరిగెత్తారో రాసుకో. ఆ కాగితం, ఆ ఫైలు రెండూ కలిపి పంపు.

ఆశీస్సులతో